చిలకలు నేర్చుకున్న దరువు

దగ్గరికి జరిగి కూర్చోండి. గడప మీద కాదు, లోపలికి రండి, చాప పరిచే ఉంది. చేతుల్లో ఫోనులుంటే బోర్లించండి. నా గొంతు పెద్దది కాదు. చెప్పేది ఒక్కసారే చెబుతాను. మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళ కోసం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు ఎందుకు లేదో చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

మాది చాట్రాయి దాటాక ఎర్రమట్టి దారిలో లోపలికి వచ్చే పల్లె. మా ఆయన బతికుండగా కొన్న ఎకరంన్నర మామిడి తోట, దాని చివర రెండు గదుల ఇల్లు. తోటలో ఎక్కువ చిన్నరసాలు, గట్టు పక్కన నాలుగు బంగినపల్లి చెట్లు, దారి మీదకి వాలి ఒక కలెక్టరుకాయ చెట్టు. మా అమ్మాయీ అల్లుడూ నూజివీడులో ఉంటారు. వాళ్ళ కూతురు కెజియా అక్కడే ఇంజనీరింగు చదువుతూ, సెలవు దొరికితే నా దగ్గరికి వచ్చేస్తుంది. మంచి పిల్ల. వంట చేస్తుంది, నా కాళ్ళకి నూనె రాస్తుంది, ఆదివారం నాతో గుడికి వచ్చి పాటల పుస్తకంలో నాకు ఆనని అక్షరాలు చూపిస్తుంది. దానికి ఉన్న ఒకే ఒక్క జబ్బు ఆ ఆల్బం.

ఎక్కడో చలిదేశంలో జుట్టు విరబోసుకున్న అయిదుగురు మగాళ్ళు ఏళ్ళ తరబడి తలుపులేసుకుని తయారుచేసిన పాటల కట్ట అది. హెవీ మెటల్ అంటారట ఆ రకాన్ని. మొత్తం ఎనిమిది పాటలు, అందులో ఒకటి పదిహేడు నిమిషాలు. పదిహేడు నిమిషాల్లో నేను అన్నం వార్చి, పప్పుకి తాలింపు పెట్టి, కోళ్ళని గంప కింద వేసి రాగలను. ఆ పాటకి పల్లవి ఇదీ అని పట్టుకుందామంటే చేతికి దొరకదు. కాసేపు గుర్రాలు పరుగెత్తినట్టుంటుంది, కాసేపు రైసుమిల్లు బెల్టు జారినట్టుంటుంది, ఉన్నట్టుండి అందరూ చచ్చిపోయినట్టు నిశ్శబ్దం, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ లేస్తారు.

కెజియా ఆ పాటలు వినే తీరు చూస్తే నాకు కడుపు మండిపోయేది. పాట వింటే మనిషి మొహం విప్పారాలి. ఇది కనుబొమలు ముడేసి, పళ్ళు బిగించి, వేళ్ళ మీద లెక్కపెడుతూ తల ఊపేది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఉలుకుండేది కాదు. ఇదొక్కతే అయితే పోనీలే అనుకుందును. ఇలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారు. రోజూ ఫోనులో పోగై, మూడో పాటలో నాలుగో నిమిషం దగ్గర ఆ డ్రమ్ములవాడు ఏం చేశాడన్న దాని మీద కొట్టుకుంటారు. బాప్తిస్మానికి నీళ్ళు చిలకరించాలా, మనిషిని ముంచాలా అని మా సంఘ పెద్దలు తగువులాడుకోవడం నేను చూశాను. వాళ్ళు కూడా భోజనం వేళకి ఆపేవాళ్ళు.

"ఏమే, అందులో ఏముందే?" అని ఒకసారి అడిగాను. అడగడమే నా తప్పు.

"ఇక్కడ ఏడు, అమ్మమ్మా. ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి అయిదు. మళ్ళీ ఏడు. ఇప్పుడు చూడు, ఒక దెబ్బ మింగేస్తాడు... మింగేశాడు! విన్నావా?"

"వాడు మింగితే నాకేంటి, కక్కితే నాకేంటి? పాలు పొంగిపోయాయి, పోయి పొయ్యి తుడువు."

"మొదటిసారికి అర్థం కాదు అమ్మమ్మా. పదిసార్లు వినాలి. అప్పుడు తెలుస్తుంది వాళ్ళెంత కష్టపడ్డారో."

"పదిసార్లు కొరికినా పుల్లగా ఉన్న కాయ పదకొండోసారి తియ్యగా ఉందన్నావంటే, కాయ పండినట్టు కాదే. నీ నాలుక చచ్చినట్టు."

అది నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఏడూ అయిదూ, మింగడమూ అనే మాటలు దాని నోటివెంట వింటుంటే నా ఒళ్ళు ఎందుకు మండిందో దానికేం తెలుసు.

తర్వాత ఆవకాయ రోజు వచ్చింది. చేతులకి జీడి అంటకుండా నూనె రాసుకుని, కత్తిపీట ముందేసుకుని కాయలు కొడుతున్నాను. పక్కన పళ్ళెంలో ఆవపిండి, దాని ఘాటుకి కళ్ళలో నీళ్ళు. కెజియా వెనకనుంచి వచ్చి నా చెవులకి పాటలు వినే ఆ డొప్పలు తగిలించింది. ఎదురుగా బియ్యం డబ్బా మీద ఫోను ఆనించి ఉందని నేను చూసుకోలేదు. ఒక్కసారిగా చెవిలో ఆ పాటగాడు ఎత్తుకున్నాడు. నేను కత్తి వదిలేసి అరిచాను.

"ఒసేయ్, ఎవరన్నా రండే! గేదె గొంతులో టెంక అడ్డంపడింది! చెయ్యి పెట్టి తియ్యండే, చచ్చిపోతుంది!"

ఇది వేళాకోళానికి అన్న మాట కాదు. మామిడి సీమలో పశువుని పెంచినవాళ్ళకి తెలుసు. కాయల కాలంలో రాలిన పండు మింగి, టెంక గొంతులో ఇరుక్కుంటే గేదె ఒక మూలుగు మూలుగుతుంది. ఆ మూలుగు వింటే తింటున్న కంచం వదిలి పరుగెత్తాలి. అదే మూలుగు చెవిలో వినబడితే నేనేం అంటాను?

ఆ తర్వాతి ఆదివారం గుడి బయట చెప్పులు వేసుకుంటుంటే పాస్టరమ్మ గారు ఎదురొచ్చింది. "వందనాలు పిన్నిగారూ. మీరు ఫోనులో వస్తున్నారండీ! మా తమ్ముడు హైదరాబాదు నుంచి పంపాడు. గేదె గొంతులో టెంక!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. వాళ్ళంతా అప్పటికే చూశారు. చూడనిదాన్ని నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చి అడిగితే కెజియా ఏ తప్పూ ఎరగనట్టు ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "తిట్టినందుకు కోపం వస్తుందేమో అనుకున్నా అమ్మమ్మా. వాళ్ళకి తెగ నచ్చింది! ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్ళో. అందరూ నీ ఫ్యాన్సే. చూడు, అందరూ ఒకటే మాట, అమ్మమ్మ చేత ఇంకోసారి అనిపించు, ఇంకోసారి అనిపించు అని."

ఫోను నా ఒళ్ళోంచి కింద పడింది. పడిందో, నేనే తోశానో.

"అది తీసెయ్."

"ఎందుకు అమ్మమ్మా? ప్రేమతోనే..."

"మా నాన్నని కూడా అలాగే ప్రేమించారు. తీసెయ్."

అది తియ్యలేదు. అలిగి లోపలికి పోయింది. పోతూ పోతూ, వచ్చే ఆదివారం నలుగురు ఫ్యాన్స్ నన్ను చూడటానికి వస్తున్నారని, ముందే మాటిచ్చేశానని చెప్పింది.

మా నాన్న సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. దానికే కాదు, వాళ్ళమ్మకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా నాన్న పేరు యేసుపాదం. నా చిన్నతనంలో మేం ఒక పెద్ద ఆసామి మామిడి తోటకి కాపలా ఉండేవాళ్ళం. తోట మధ్యలో తాటాకు గుడిసె, అందులో అమ్మ, నాన్న, నేను. తోటలో పెరిగినవాళ్ళకి నెలలు వాసనని బట్టి తెలుస్తాయి. పూత నాళ్ళలో ఆకుల మీద జిగురు కారి తోటంతా తేనె మాడినట్టుండేది. పిందె పడ్డాక ఎండుటాకుల పొగ, కాయ ముదిరాక జీడి ఘాటు, ఆఖరికి గుడిసెలో ఒక మూల వరిగడ్డి పరిచి మగ్గేసిన రసాల వాసన. ఆ మూలకి వెళ్ళి గడ్డి కదిపితే అమ్మ చెయ్యి విరగ్గొట్టేది. తొందరపడి గడ్డి తీస్తే పండు పైన పండి లోపల పుల్లగా ఉండిపోతుందని ఆమె నమ్మకం. తెల్లారకముందే లేచి ఎండుటాకులు ఊడ్చి పొయ్యి కిందకి పోగేసేది. మాకు జొన్నన్నం, మాగాయ టెంక. నాన్న తినే ముందు కళ్ళు మూసుకుని పెద్ద ప్రార్థన చేసేవాడు. లోకంలో ఉన్న జబ్బుమనుషులందరినీ పేరుపేరునా తలుచుకునేదాకా వదిలేవాడు కాదు. అమ్మ మాత్రం ఒక కన్ను తెరిచి ఉంచేది, కంచంలో కాకి మూతి పెట్టకుండా.

నాన్న పని చిలకల్ని తోలడం. కాయ ముదిరే నాళ్ళలో ఇవి తెల్లవారగానే ఒకసారి, ఎండ వాలాక ఒకసారి గుంపులుగా దిగుతాయి. ఒక్క చిలక ఒక్క కాయ తిని పోతే బాధ లేదు. ఇక్కడ ఒక ముక్కుపోటు, అక్కడ ఒక ముక్కుపోటు, పూటలో ఒక చెట్టు కాయంతా పాడుచేస్తాయి. మిగతా తోటల కాపలావాళ్ళు వడిసెల తిప్పేవాళ్ళు, కేకలు పెట్టేవాళ్ళు. నాన్న దగ్గర ఒక కిరసనాయిలు డబ్బా ఉండేది, ఒక పక్క సొట్ట. రెండు తుమ్మ కర్రలు, గుడ్డ చుట్టి చూరులో దోపేవాడు. వాటిని నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"చిలకకి లెక్క వచ్చు సువార్తా," అనేవాడు. "ఒకటీ రెండూ, ఒకటీ రెండూ అని తిన్నగా కొట్టామనుకో, మొదటి రోజు ఎగిరిపోద్ది. రెండో రోజు కొమ్మ మారుద్ది. మూడో రోజు మన దరువుకి తలూపుకుంటా మన కాయే తింటది. దాన్ని భయపెట్టేది చప్పుడు కాదే. తరవాత ఏం వస్తదో తెలియకపోవడం."

అందుకని ఆయన ఏ దరువూ వారంలో రెండుసార్లు కొట్టేవాడు కాదు. ఒకరోజు తొమ్మిది, ఒకరోజు పదమూడు, ఒకరోజు ఆరులో మూడు ఎక్కించి. ఏ రోజు ఏది కొట్టాడో గుర్తుంచుకోవడం నా పని. నాకు అయిదో తరగతి చదువే గానీ, విన్నది మర్చిపోవడం చేతకాదు. పొద్దున్నే చుట్ట వెలిగించుకుంటూ "నిన్న ఏది కొట్టాను?" అంటే నేను నోటితో పలికి చూపించేదాన్ని. "అయితే ఇవాళ దాని జోలికి పోకూడదు," అనేవాడు. ఆ నాళ్ళలో నేను ఆ తోటకి మేస్త్రీని అనుకునేదాన్ని.

ఆయన దరువులన్నిటిలో ఒకదానికి కుంటి దరువు అని పేరు. ఏడు కొట్టి, అయిదు కొట్టి, మళ్ళీ ఏడు ఎత్తుకుని, ఆఖరి దెబ్బ మింగేసేవాడు. కాలు వెయ్యబోతే మెట్టు లేనట్టు గుండె జారేది. గుంపు పెద్దదిగా దిగిన రోజుకి మాత్రమే దాన్ని దాచేవాడు. ఆ మింగిన దెబ్బ దగ్గర చిలకలన్నీ ఒక్కసారిగా లేచేవి.

ఒక వేసవిలో ఆసామి ఇంటికి బెజవాడ నుంచి చుట్టాలు దిగారు. తోటలో బంగళా ఉండేది, పది రోజులు అక్కడే మకాం. చెట్ల కింద తివాచీలు పరిచి, గంగాళంలో నీళ్ళు పోసి రసాలు నానేసుకుని, పంచెల మీద కారుతుంటే జుర్రేవాళ్ళు. మొదటి రోజు సాయంత్రం గుంపు దిగితే నాన్న కుంటి దరువు కొట్టాడు. వాళ్ళ చెవిన పడింది. పిలిపించారు.

"ఒరేయ్ యేసుపాదం, ఇందాకటిది ఇక్కడ కొట్టరా. మావాళ్ళు వింటారంట," అన్నాడు ఆసామి.

కొట్టాడు. "వన్స్ మోర్!" అని ఒకడు కేకేశాడు. అందరూ అందుకున్నారు, వన్స్ మోర్, వన్స్ మోర్. మళ్ళీ కొట్టాడు. ఒక లావుపాటాయన పంచె ఎగ్గట్టుకుని, ఆ దరువుకి కుంటుతూ చెట్టు చుట్టూ గెంతాడు. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకొకడు నాన్న తల ఊపే తీరు చేసి చూపించాడు. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆయన దరువు కొట్టేటప్పుడు ప్రార్థన చేసినట్టే కళ్ళు మూసుకుంటాడు. ఆయన చూడలేదు. నీళ్ళ బిందె మోస్తూ నేను చూశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నిటారుగా కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోడు. "పట్నం వాళ్ళకి నచ్చిందే," అన్నాడు అమ్మతో. "చదువుకున్నోళ్ళు. వాళ్ళకి తెలుసుద్ది."

"చిలకలకి కూడా తెలుసుద్ది చూడు," అంది అమ్మ, పొయ్యి ఊదుతూ.

రెండో రోజూ పిలిచారు. మూడో రోజూ. వేరేది కొట్టబోతే "అది కాదురా, కుంటిది, కుంటిది" అనేవాళ్ళు. నా పని నాకు తెలుసు. నాన్నా, ఇది నిన్న కొట్టావు, మొన్న కొట్టావు అని చెప్పాలి. చెప్పలేదు. ఎందుకో చెబుతాను, సిగ్గు పడి దాచను. వాళ్ళలో ఒకావిడ నన్ను పిలిచి రోజుకొక బిస్కెట్టు ఇచ్చేది. చుట్టూ పూలు అచ్చేసి, మీద పంచదార అద్ది ఉండేది. దరువు ఆగిపోతే బిస్కెట్టు ఆగిపోతుందని నాకు తెలుసు. నాన్న పొద్దున్నే "నిన్న ఏది కొట్టాను?" అని అడగడం కూడా మానేశాడు. ఇద్దరికీ సమాధానం తెలుసు.

పదో రోజు ఎండ వాలేవేళ ఉత్తరపు వరసలో పెద్ద గుంపు దిగింది. ఆ వరసంతా అప్పటికింకా కోయని ముదురు కాయ. నాన్న డబ్బా తీసుకుని పరుగెత్తాడు, వెనక నేను. కుంటి దరువు ఎత్తుకున్నాడు. ఏడు. అయిదు. ఏడు. మింగాడు. ఒక్క రెక్క కదలలేదు. మా నెత్తిమీద కొమ్మ మీది చిలక తల పక్కకి వంచి, ఆ మింగిన దెబ్బ దాకా విని, మళ్ళీ కాయ పొడిచింది. నాన్న వేరే దరువు ఎత్తుకున్నాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, పది రోజులు అలవాటైన చెయ్యి తనంతట తానే కుంటి దాంట్లోకి జారిపోయింది. ఇంకోటి ఎత్తుకున్నాడు, అదీ అంతే. ఆఖరికి డబ్బా కింద పడేసి నోటితో అరిచాడు, చేతికందిన మట్టిబెడ్డలు విసిరాడు. బంగళా వైపు నుంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. అదీ కచేరీయే అనుకున్నారు.

చుట్టాలు గంపలతో కాయలు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఆసామి ఉత్తరపు వరస కింద నడిచి, పోట్లు పడి రాలిన కాయల్ని కాలితో దొర్లించాడు. "కచేరీ బాగా చేశావురా యేసుపాదం. తోట మాత్రం చిలకలకి పెట్టావు. పై ఏడాది ఇంకొకణ్ణి చూసుకుంటాలే," అన్నాడు. రోజూ పిలిపించింది తనే అన్న సంగతి ఆయనకి గుర్తు లేదు. నాన్నా గుర్తు చెయ్యలేదు.

మేం ఆ తోట వదిలి బాపులపాడు వైపు వరి కోతలకి పోయాం. బురద, జలగలు, మామిడి వాసన లేని గాలి. డబ్బా అమ్మ తీసుకుని నూకలు పోసుకుంది. కర్రలు ఏమయ్యాయో నాకు తెలియదు. నాన్న ఇంకా చాలా ఏళ్ళు బతికాడు, కానీ దేనిమీదా వేలితో కూడా కొట్టలేదు. గుడిలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడేవాడు. పాస్టరు గారు ఒకసారి అడిగితే, చలి అండీ అన్నాడు. మండువేసవిలో.

అదీ సంగతి. ఇంకోసారి అనే మాట మా ఇంట్లో ఏం చేసిందో చూశారు కదా. అన్నం ఇంకోసారి పెట్టించుకోండి, నేను కాదనను. మనిషిని మాత్రం ఇంకోసారి అనకూడదు.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి నలుగురూ వాకిట్లో ఉన్నారు. ముగ్గురు కెజియా ఈడు కుర్రాళ్ళు, నల్ల చొక్కాలు, ఎండలో ఉడికిపోతున్నా విప్పరు. నాలుగో ఆయన నలభై దాటినవాడు, పేరు సుధాకర్, హనుమాన్ జంక్షన్లో బ్యాంకు గుమాస్తా. బట్టతల, చేతిలో పెళ్ళికి వచ్చినట్టు ఒక సంచి. కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి తగ్గాను. సంచిలోంచి రెండు తీశాడు. ఒకటి చొక్కా, దానిమీద గేదె బొమ్మ, దాని గొంతులో టెంక, కింద నా మాటలు. రెండోది మామిడి రసం సీసా. మామిడి తోటలో ఉన్నదానికి, కాయల కాలంలో, కంపెనీ మామిడి రసం.

"ఇది నాకా?" అన్నాను.

"చల్లగా ఉంటుందని తెచ్చామండీ," అన్నాడు. నాలుగు పక్కలా చెట్లు చూసి నాలుక కరుచుకున్నాడు.

తిట్టాల్సినవాళ్ళకైనా పెట్టకుండా పంపడం మా ఇంటా వంటా లేదు. పప్పు, కొత్తావకాయ, పెరుగు వడ్డించాను. తింటున్నంతసేపూ ఆ ఆల్బం గోలే. అయిదో పాట గొప్పదని ఒకడు, అయిదోది నచ్చిందంటే నీకు ఏడోది అర్థం కానట్టే అని ఇంకొకడు. ముద్ద చేతిలో ఎండిపోతుంది. చేతులు కడుక్కున్నాక ఆ ముగ్గురూ ఫోనులు పైకెత్తారు.

"అమ్మమ్మ గారూ, ఒక్కసారండీ. ఆ మాట ఇంకోసారి అనండి. అంతే, వెళ్ళిపోతాం."

నేను లేచి, కాయలు కోసే గంప తెచ్చి మధ్యలో పెట్టాను. "ఫోనులు ఇందులో వెయ్యండి."

కెజియా "అమ్మమ్మా..." అంది. "నీదే ముందు," అన్నాను. అయిదు ఫోనులూ పడ్డాక వాటి మీద వరిగడ్డి కప్పి, గంప నా కాళ్ళ దగ్గరకి లాక్కున్నాను. అప్పుడు అడిగాను.

"చిలకల్ని తోలడానికి మా నాన్న లెక్క మార్చి మార్చి కొట్టేవాడు. మీ చలిదేశం వాళ్ళు ఏడూ అయిదూ అని దేన్ని తోలడానికి కొడుతున్నారు? చెప్పండి. నాలుగిళ్ళల్లో చెవులు తోలేయడం తప్ప దేనికి పనికొస్తుంది ఆ గోల?"

ఇప్పుడు మీకు చెప్పిందంతా వాళ్ళకి చెప్పాను. బిస్కెట్టుతో సహా. కెజియా నేలచూపులు చూస్తూ కూర్చుంది. చెప్పడం అయ్యాక సుధాకర్ నోరు విప్పాడు.

"నేను ఎందుకు వింటానో నాకు తెలియదండీ. బ్యాంకులో ప్రతిరోజూ నిన్నటిలాగే ఉంటుంది. అది మాత్రం ఎన్నిసార్లు విన్నా తరవాత ఏం వస్తుందో పూర్తిగా అందదు. అంతే." నా వైపు తిరిగి, "మీ నాన్నగారి ఆ దరువు మీకు గుర్తుందా అమ్మగారూ?" అన్నాడు.

గుర్తుందా అట. నేను నా పెళ్ళిరోజైనా మర్చిపోతానేమో.

నా చెయ్యి దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. నోటితో పలకడమే నా పని. ఎందుకు లేచానో చెప్పలేను. కోపంతోనే లేచాను, అది మాత్రం నిజం. మీ డ్రమ్ముల దేవుడికి పన్నెండు డోళ్ళు కావలసి వచ్చింది, మా నాన్నకి సొట్ట డబ్బా చాలింది, చూడండిరా అన్న కోపం. వంటింట్లోంచి ఖాళీ నూనె డబ్బా, పొయ్యి దగ్గర నుంచి రెండు పుల్లలు తెచ్చాను. కూర్చుని కొట్టాను. ఏడు. అయిదు. ఏడు. ఆఖరిది మింగాను. కలెక్టరుకాయ చెట్టు మీద నుంచి ఏదో పిట్ట లేచిపోయింది.

డబ్బా పక్కన పెట్టి వాళ్ళ నోళ్ళ వంక చూశాను. ఆ పది రోజులూ చూసింది నోళ్ళే కదా నేను. ఎక్కడ ఒక మూతి వంకర తిరుగుతుందా, ఎక్కడ ఒక పన్ను కనబడుతుందా అని చూశాను. కనబడితే గంపతో సహా ఆ ఫోనుల్ని బావిలో వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను.

ఒక్కడూ నవ్వలేదు. వేళ్ళు మడుస్తున్నారు.

"పంతొమ్మిది," అన్నాడు ఒకడు.

"పద్దెనిమిది. ఆఖరిది పడలేదు."

"పడలేదంటే లేదని కాదురా. దాని చోటు ఉంది. పంతొమ్మిదే."

"రెండో ఏడు మొదటి ఏడులా లేదు," అంది కెజియా. "అమ్మమ్మ మూడో దెబ్బ కొంచెం ఆపింది."

"ఆపింది అమ్మగారు కాదండీ, వాళ్ళ నాన్నగారు," అన్నాడు సుధాకర్.

వాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు. ఒక్కసారి మళ్ళీ వింటే తగువు తీరిపోతుందని అయిదుగురికీ తెలుసు. కెజియా నోరు తెరిచింది, "అమ్మమ్మా, ఇంకో..." అని ఆగి, పెదవి పంటికింద నొక్కుకుంది. మిగతావాళ్ళు నీళ్ళు తాగారు, ఆకాశం వైపు చూశారు. అడగకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న యాతన చూసి నాకు కొంచెం సుఖంగానే అనిపించింది, దాచడమెందుకు.

అప్పుడు నాకు తట్టింది. మా నాన్న దరువుని ఆయన బతికుండగా లెక్కపెట్టింది ఇద్దరమే, నేనూ చిలకలూ. వన్స్ మోర్ అన్నవాళ్ళలో ఒక్కడైనా వేలు మడవలేదు. ఆ నిటారుగా కూర్చున్న మనిషి చదువుకున్నోళ్ళకి తెలుసుద్ది అని దేనికోసం అన్నాడో, అది నా వాకిట్లో, నేను ఒళ్ళు మండి తిట్టుకునే ఈ నల్ల చొక్కాల వెర్రివాళ్ళ చేత జరిగింది. ఆయన లేనప్పుడు జరిగింది. అది నాకు సంతోషమో కొత్త కోపమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెళ్ళేటప్పుడు తలా అరడజను రసాలు గడ్డిలో చుట్టి ఇచ్చి, మళ్ళీ రావద్దని చెప్పాను. "తప్పకుండా అండీ," అన్నాడు సుధాకర్. రానన్నాడో వస్తానన్నాడో తెలియలేదు. వాళ్ళ బండి మలుపు తిరగకముందే కెజియా ఫోను తీసి నా ఎదుటే ఆ వీడియో తీసేసింది. దేశం మీద పడినవి పడ్డాయి, అవి దాని చేతిలో లేవు. దాని చేతిలో ఉన్నది అది చేసింది. ఆ చొక్కా నాకు వేడిగిన్నెలు దించుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆల్బం సంగతి అడుగుతారా, నిన్న కూడా విన్నాను, తప్పించుకునే దారి లేక. ఆ గేదె గొంతులో టెంక అలాగే ఉంది.

చాలాసేపు కూర్చున్నారు. లేవండి, చీకటి పడకముందే ఇళ్ళు చేరండి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి గానీ పొర్లిపోకూడదు. మీ చెట్టున కాసిన కాయ మీ పిల్లల నోటికే అందాలి. మీ ఇంట్లో ఎవరు ఏ పని కళ్ళు మూసుకుని చేస్తున్నా, పక్కన కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టే మనిషి ఒకరు, వాళ్ళు బతికుండగానే, దేవుడు మీకు ఇవ్వాలి.